రెండు చాసీలు, ఇరవై బస్తాలు

లారీకీ బస్సుకీ కింద ఉండేది ఒకటేనని, పైన కట్టేదాన్ని బట్టి దాని పేరు మారుతుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. ఇంజను, గేరుబాక్సు, చక్రాలు, వీటన్నిటినీ మోసే రెండు పొడవాటి ఇనప దూలాలు. అంతే. దాన్ని చాసీ అంటారు. ఫ్యాక్టరీ వాళ్ళు అంతవరకే చేసి పంపుతారు. తలుపులూ కిటికీలూ కప్పూ మన దగ్గర వడ్రంగులూ వెల్డర్లూ కలిసి కట్టుకోవాల్సిందే. ఇదంతా మా ఆయన నాకు పెళ్ళైన మూడో రోజున చెప్పారు. కొత్త పెళ్ళికూతురితో మాట్లాడే మాటలా ఇవి అని నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఒక చాసీ మీదే కాపురం చేశాను.

ఆయన మా మిషన్ ఆసుపత్రి బండికి డ్రైవరు. నేను అదే బండిలో నర్సుని. రామచంద్రపురానికి కాస్త ఎడంగా ఉన్న ఆసుపత్రి నుంచి సోమవారం పొద్దున్నే బయల్దేరి, కాలువ గట్ల మీదుగా ఊరూరా ఆగుతూ శనివారం సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళం. డాక్టరు గారు వారానికి రెండు రోజులు స్కూటరు మీద వచ్చి మమ్మల్ని కలుసుకునేవారు. మిగతా రోజులు మేమిద్దరమే. బండి ముందు భాగంలో పరీక్ష బల్ల, మందుల బీరువా. చెక్క అడ్డు వెనక మా ఇల్లు. ఒక మంచం, కిరసనాయిలు స్టవ్, గిన్నెలు జారిపోకుండా అంచు కొట్టిన అర, బట్టలకి రెండు మేకులు. ఆసుపత్రి ఆవరణలో మాకు ఒక గది ఇచ్చారు కానీ అది ఆదివారాల గది. పిల్లలు కలగలేదు. మా వస్తువులన్నీ బండిలోనే ఉండేవి.

ఆ బండి కింది చాసీ ఎప్పుడో విదేశాల వాళ్ళు ఓడలో కాకినాడ రేవుకి పంపించింది. మొదట పెట్రోలు ఇంజను ఉండేదట. అది తాగే పెట్రోలుకి ఆసుపత్రి కమిటీ పెద్దలు బెంబేలెత్తిపోయి దాన్ని తీయించి డీజిలు ఇంజను పెట్టించారు. ఆ డీజిలు ఇంజనుకి ఒక రకమైన దడ ఉండేది. పొద్దున్నే ఆయన బండి స్టార్టు చేసి వదిలేసేవారు, వేడెక్కాలని. నేను టీ కాచేదాన్ని. అరలో ఉన్న రెండు స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతుండేవి. బండి గేరులో పడగానే ఆగిపోయేవి. ఆ చప్పుడు గురించి అప్పట్లో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆయనకి ఒక నోటుబుక్కు ఉండేది. ఇంజనాయిలు ఎప్పుడు మార్చిందీ, వెనక స్ప్రింగులో ఎన్నో పట్టీ విరిగిందీ, సముద్రం వైపు ఉప్పు గాలికి చాసీ ఎక్కడ తుప్పు పట్టిందీ, దానికి వాడేసిన ఇంజనాయిలు ఎప్పుడు పూసిందీ, అన్నీ అందులో రాసేవారు. రోడ్ల గురించి కూడా రాసేవారు. ఫలానా కాలువ లాకుల దగ్గర మలుపులో ఎడమవైపు గట్టు మెత్తన. ఫలానా కల్వర్టు మీద ఒకసారి వెనక్కి తీసి తిప్పాలి. కాలువ చివర ఒక కూలీల పేట ఉంది. దాని కల్వర్టు దగ్గర మాత్రం "రెండుసార్లు వెనక్కి, మూడోసారి దేవుడి దయ" అని రాశారు. చమత్కారం చేద్దామని రాసింది కాదు. అక్కడ స్టీరింగు తిప్పి తిప్పి ఆయన చేతులు పడిపోయేవి.

ఆఖరి రెండేళ్ళూ ఆ నోటుబుక్కు వెనక పేజీల నిండా కొత్త చాసీ గురించే రాసుకున్నారు. పాతదానికి కాలం చెల్లిందని కమిటీకి అప్పటికే తెలుసు. రెండు రకాలు మాటల్లో ఉన్నాయి. ఒకటి పెద్దది, లారీ చాసీ. ఆరు సిలిండర్ల ఇంజను. ఏ ఊళ్ళో ఆగిపోయినా చేతులు నల్లగా ఉన్న ప్రతివాడికీ దాన్ని విప్పడం వచ్చు, సామాన్లు రోడ్డు పక్క కొట్టుల్లో కూడా దొరుకుతాయి. కానీ బరువు. గట్టు మీద మలుపు తిప్పాలంటే ఒళ్ళంతా పెట్టాలి. ఇంజను క్యాబిన్లోనే ఉంటుంది కాబట్టి ఎండాకాలం డ్రైవరు కాళ్ళు ఉడికిపోతాయి. రెండోది చిన్నది. నాలుగు సిలిండర్లు, పవర్ స్టీరింగు, పొడవు తక్కువ. ఏదైనా పాడైతే సామాను కోసం రాజమండ్రి పరిగెత్తాలి, మెకానిక్కుని కూడా అక్కడినుంచే తెచ్చుకోవాలి. "పాడైతే కదా," అనేవారు ఆయన. "ఒక్క తిప్పుకి తిరిగిపోతుంది ఆ కల్వర్టు దగ్గర. చూస్తూ ఉండు." చిన్నదాని లోపల గది ఎలా ఉండాలో కూడా బొమ్మ గీశారు. మడత పెట్టే మంచం గీసి, పక్కన బాణం గుర్తు వేసి నా పేరు రాశారు.

చిన్నదే కొనాలన్నది ఆయన మాట. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసినదానికి, ఆయన మనసులో ఏముందో నాకు తెలియదని వంక పెట్టడానికి లేదు.

తొంభైల చివర్లో ఒక సెప్టెంబరులో ఆయన పోయారు. గుండెపోటు. కాకినాడలో రెండు రోజులు ఉంచారు. నర్సుని కదా, పక్కనే కూర్చుని నాడి పట్టుకునే ఉన్నాను. ఆగిపోయినప్పుడు గడియారం చూసి టైము డ్యూటీ సిస్టరుకి నేనే చెప్పాను. అందరూ నా వంక చూశారు. నాకు ఏడుపు రాలేదు. సమాధి దగ్గరా రాలేదు, ఆ నెలంతా రాలేదు. చర్చి ఆడవాళ్ళు వచ్చి కూర్చుని, నేను ఏడవడం లేదని వాళ్ళే ఏడ్చి వెళ్ళేవారు. వాళ్ళకి కాఫీ పెట్టి ఇచ్చేదాన్ని. తిండి తింటున్నానో లేదో కూడా గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే, ఆదివారాల గదిలో ఉండలేక పగలంతా వెళ్ళి షెడ్డులో ఉన్న బండిలో కూర్చునేదాన్ని.

నవంబరులో కమిటీ నన్ను పిలిచింది. ప్రెసిడెంటు గారు పెద్ద రైతు, మంచాయన. ప్రార్థన అయ్యాక అన్నారు: "అమ్మా, కొత్త చాసీ సంగతి తేల్చెయ్యాలండి. రెండిటినీ తెప్పించి నడిపి చూద్దాం. డ్రైవరు గారు లేరు కాబట్టి మీరు కూడా ఉండాలి. ఆ బండిలో ఉండేది మీరే కదండీ."

నేను అలాగేనన్నాను. పాత బండి బాడీ ఏం చేస్తారని అడిగాను.

"పెద్ద చాసీ అయితే పొడవు సరిపోతుందండి. బోల్టులు విప్పి, ఉన్నది ఉన్నట్టు దాని మీదకి దింపేయొచ్చు. టేకు కదండీ, ఇంకో ఇరవయ్యేళ్ళు ఉంటది. చిన్నది కొంటే మాత్రం పట్టదు. కొత్తగా రేకుతో కట్టించి, పాతదాన్ని కలపకి ఇచ్చేద్దాం."

కలపకి అన్న మాట నాకు గట్టిగా వినిపించింది. ఆ రెండు నెలల్లో నా చెవికి అంత స్పష్టంగా తగిలిన మాట అదొక్కటే. ఆ మంచం, ఆ అర, ఆయన చొక్కా తగిలించిన మేకు, ఆయన తల ఆనీ ఆనీ నూనె మరక పట్టిన చెక్క. వాటిని ఎవరో విడగొట్టి కలప అడితిలో నిలబెడతారు. నాకు ఆ గది కావాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదని ఆ బల్ల ముందు కూర్చుని అనుకున్నాను.

పెద్ద చాసీని ముందు తెచ్చారు. బాడీ లేని చాసీని నడిపేవాళ్ళని చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. సీటు ఉండదు. ఒక చెక్కపెట్టె తాళ్ళతో కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, నడిరోడ్డు మీద గాలిలో కూర్చున్నట్టు వస్తారు. ఆ రోజు నవ్వు రాలేదు. కొత్తగా తీసుకున్న డ్రైవరు గారు బస్సులు నడిపి రిటైరైన మనిషి. "ఖాళీ చాసీ ఎగిరెగిరి పడుతుందండి, దాన్ని చూసి ఏం చెప్పలేం. బాడీ ఎంత బరువుంటుందో అంత బరువు వేసి చూడాలి," అన్నారు. ప్రెసిడెంటు గారు తన గాదెలోంచి ధాన్యం బస్తాలు పంపించారు. మా దగ్గర బస్తా అంటే డెబ్బై అయిదు కేజీలు. కాటా పెట్టడం ఎవరికీ తోచదు. బస్తాలు లెక్కపెడితే బరువు తెలిసిపోయినట్టే. పెద్దదానికి ముప్పై వేశారు. కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్ళి వచ్చాం. చెక్కని పట్టుకుని నేనూ కూర్చున్నాను. బరువుగానే తిరిగింది. డ్రైవరు గారికి చెమటలు పట్టాయి కానీ, "లారీయే కదండీ, నిలబడింది," అన్నారు.

చిన్న చాసీ వచ్చేలోపు తుపాను వాన పట్టుకుంది. కోతలు కోసి ఉన్న చేలు మునిగాయి. వాన వెలిసిన అయిదో రోజున చిన్నది వచ్చింది. ప్రెసిడెంటు గారు ఈసారి కళ్ళం నుంచి పంపించారు. దాని కొత్త బాడీ తేలిక కాబట్టి ఇరవై బస్తాలు చాలన్నారు. జట్టు కూలీలు మోసుకొచ్చి దూలాల మీద పరిచిన చెక్కల పైన సర్దారు. గోనెలు పైకి పొడిగా ఉన్నాయి. ఎండ కాస్తోంది. ప్రెసిడెంటు గారు గొడుగేసుకుని దూరంగా నిలబడి చూస్తున్నారు. వ్యవసాయం మనుషుల చేత చేయించే ఆయనకి బస్తా ముట్టుకునే పని ఉండదు. మోసిన వాళ్ళు మాట్లాడలేదు. వాళ్ళని ఎవరూ అడగలేదు కూడా.

నేను ఎక్కి కూర్చుంటూ ఆసరాకి రెండు బస్తాల మధ్య చెయ్యి పెట్టాను. లోపల వెచ్చగా ఉంది.

మా నాన్న కౌలు రైతు. ఆరని ధాన్యం బస్తాకెత్తితే లోపల వేడెక్కుతుందని నాకు అయిదేళ్ళప్పుడే తెలుసు. చెయ్యి తీసి వాసన చూశాను. ముక్కిన వాసన. వానలో తడిసిన ధాన్యాన్ని కళ్ళంలోనే మొలకెత్తుతుందన్న భయంతో సరిగా ఎండనివ్వకుండానే గోనెల్లోకి ఎత్తేశారు. అలాంటి బస్తా ఎనిమిది, పది కేజీలు ఎక్కువే తూగుతుంది. అంటే ఆ చిన్న చాసీ మీద ఉన్నవి ఇరవై బస్తాలు కావు, ఇంచుమించు ఇరవై మూడు. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, దింపేసి పొడివి తెప్పించేవారు. అందరూ రైతులే. నన్ను మెచ్చుకునేవారు కూడా.

నేను చెయ్యి చీరకి తుడుచుకుని కూర్చున్నాను.

గట్టు ఎక్కేటప్పుడే వెనక స్ప్రింగులు అణిగిపోయాయి. స్టీరింగు మాత్రం మా ఆయన చెప్పినట్టే వేలితో తిప్పితే తిరిగింది. లాకుల మలుపులో, ఎడమవైపు గట్టు మెత్తన అని ఆయన రాసిన చోట, చాసీ వెనక భాగం కాలువ వైపుకి ఒరిగింది. ఒక చక్రం కింద మట్టి జారింది. డ్రైవరు గారు "ప్రభువా" అని బ్రేకు కొట్టారు. ఆగింది. ఏమీ కాలేదు. దిగి చూసి, "మోయలేదండి ఇది. మనుషులని ఎక్కించుకుని నేను ఈ గట్టు మీదకి తేను," అన్నారు. పాపం, ఆయన చూసింది చూసినట్టే చెప్పారు.

కమిటీలో ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగి, "మీరేమంటారండీ సిస్టరు గారు?" అని అడిగారు. "పెద్దదే నయమండి," అన్నాను. మా ఆయన నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. తీయలేదు. ఆయన మాటని ఆయన పోయాక నేనే తొక్కేశాను, అందరి ముందూ, మర్యాదగా. అప్పుడు సిగ్గు అనిపించిందా అంటే, లేదు. ఏమీ అనిపించలేదు. మోకాలి కింద మొద్దుబారిన కాలు ఉంటుంది చూడండి, గిల్లినా తెలియదు, అలా ఉండేదాన్ని.

పాత బాడీని గొలుసు కప్పీతో లేపి కొత్త చాసీ మీద దింపారు. మంచం, అర, మేకు, నూనె మరక, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మెట్టు మాత్రం జానెడు ఎత్తు పెరిగింది. మొదటి సోమవారం పొద్దున డ్రైవరు గారు స్టార్టు చేశారు. నేను టీ కాస్తున్నాను. ఆరు సిలిండర్ల ఇంజను నిదానంగా, లోతుగా మోగింది. అరలో గ్లాసులు కదల్లేదు. రెండూ పక్కపక్కనే ఊరికే ఉన్నాయి. వాటిని దగ్గరికి జరిపాను. ఇంకా దగ్గరికి జరిపాను. మోగలేదు. ఆయన లేరని నాకు ఆ రోజు తెలిసింది. రోజుల తరబడి షెడ్డులో కూర్చుని నేను కాపాడుకుంటున్నదేమిటో, దాన్ని ఏ ఇంజనుతో పాటు పాత ఇనుముకి ఇచ్చేశారో కూడా తెలిసింది. అప్పుడూ ఏడుపు రాలేదు. టీ పొంగిపోయింది, స్టవ్ తుడిచాను.

కాలువ చివర పేట కల్వర్టు దగ్గర కొత్త బండి తిరగలేదు. డ్రైవరు గారు నాలుగు వారాలు ప్రయత్నించి, "నా వల్ల కాదండి, కాలవలో పడేస్తాను," అని ఒప్పేసుకున్నారు. ఆ పేట వాళ్ళు కల్వర్టు దాకా నడిచి రావడం మొదలుపెట్టారు. నడవలేని వాళ్ళ కోసం నేను మందుల పెట్టె పట్టుకుని మైలున్నర నడిచేదాన్ని. వారానికొకసారి. ఎవరైనా ఎందుకంటే వ్యాయామం అనేదాన్ని.

నడవలేని వాళ్ళలో ఒక ముసలావిడ ఉండేది. జీవితమంతా ఊడ్పులూ కోతలూ చేసిన మనిషి. షుగరు వల్ల పాదం మీద పుండు మానేది కాదు. మా ఆయన ఉన్నప్పుడు బండిని తిప్పి తిప్పి సరిగ్గా ఆవిడ అరుగు ముందు ఆపేవారు. ఆవిడ రెండడుగులు వేస్తే మెట్టు అందేది. ఇప్పుడు నేనే వెళ్ళి ఆవిడ అరుగు మీద కూర్చుని కట్టు కట్టేదాన్ని. బండి ఎందుకు రాదో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అయిదేళ్ళు అడగలేదు. ఆరో ఏడు, రోహిణి కార్తె ఎండలో, నేను చెమటలు కక్కుకుంటూ వెళ్ళి పెట్టె దింపాక అడిగింది.

"మీ ఆయన చెప్పేవోడమ్మా, చిన్న బండి వత్తాది, ఒక్క తిప్పుకి తిరిగిపోద్దీ అని. మరి రాలేదేంటి?"

నేను పాత కట్టు విప్పుతూ చెప్పేశాను. ఎవరికీ చెప్పనిది ఆవిడకెందుకు చెప్పానో తెలియదు. బస్తాలు పచ్చివని, చెయ్యి పెడితే వెచ్చగా తగిలాయని, నోరు మూసుకున్నానని అంతా చెప్పాను. ధాన్యం గురించి ఆవిడకి వివరించాల్సిన పని లేదు.

"తడి బత్తాలా," అంది. వేళ్ళ మీద లెక్క చూసుకుంది. "బత్తాకి పది కేజీలేసుకో. ఇరవై బత్తాలు. రెండొందల కేజీలు." పళ్ళు లేని నోటితో నవ్వింది. "రెండొందల కేజీలకా తల్లీ, ఆరేళ్ళ నుంచి ఈ ఎండలో నడుత్తున్నావు?"

"గది కోసం," అన్నాను. "ఆయన గదిని కలపకి అమ్మేస్తారని."

"ఉందా మరి గది?"

"ఉంది."

"ఆయనున్నాడా అందులో?"

పుండు కడిగి, మందు రాసి, గుడ్డ రెండు చుట్లు చుట్టి ఉన్నాను. లేరన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. కాకినాడలో టైము చెప్పాను కానీ లేరని చెప్పలేదు. కట్టు పట్టుకోవడం మర్చిపోయాను, గుడ్డ జారుతోంది. ఆవిడ పాదం కదపకుండా నా మోకాలి మీద అలాగే ఉంచి, జారుతున్న గుడ్డ కొసని వేలితో నొక్కి పట్టుకుంది.

"ముందు కట్టు ముడెయ్యమ్మా," అంది. "తర్వాత ఏడుద్దువుగాని."

ముడి వేశాను. తర్వాత ఏడ్చాను.